చదువా? ఉద్యోగమా?

ఆడపిల్లకు చదువేల యను వాదములు సాగిన దినములు గడచిపోయినవి. పట్టభద్రురాలైన కోడలు నేడు మన పట్టణములలో వింత కాదు. విజ్ఞానశాస్త్రములలో పరిశోధన సల్పి డాక్టరు పట్టము నొందిన యాడపడుచులును మన తెలుగు కుటుంబములలో పలువురు గలరు. అయినను ఆ పట్టము చేతికి వచ్చిన మఱునాడు ఆ పిల్ల యెచ్చటికి పోవలెను, ఎవరి నడుగవలెను, ఏమి సంపాదించును అను సంగతులను ఇండ్లలో నెఱిగినవారు మిక్కిలి తక్కువ. "మీ అమ్మాయి యింకను చదువుచునే యున్నదా?" అని పేరంటములలో నడుగువారే గాని, ఆమె చేయుచున్న పని యేమని యడుగువారు కానరారు. గత రెండేండ్లుగా మా కుటుంబమున నీ విషయము నిత్యచర్చయై యుండుటచే, మే మెఱిగిన సంగతులను సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మా వారి పెద్దక్కగారి కూతురు, మాకు మేనకోడలు, రసాయనశాస్త్రమున పరిశోధన చేసి తన 31వ యేట పట్టము నందుకొన్నది. ఆమెకు పెండ్లియై ఆఱేండ్లు. మూడేండ్ల ఆడుబిడ్డ గలదు. భర్త బ్యాంకు ఉద్యోగి. పట్టము వచ్చిన నెలలోనే ఆమె "నేను పోస్ట్‌డాక్టరల్ ఉద్యోగమునకు ప్రయత్నించుచున్నాను" అని యింట చెప్పినది. ఆమె యత్తగారు, మాకు వరుసకు వదినగారు, పెద్దచదువులు చదివినవారు కారు గాని సూక్ష్మబుద్ధి గలవారు. వారు మమ్ము జూచి యిట్లడిగిరి: "ఏమమ్మా, ఇది చదువా, ఉద్యోగమా? చదువైనచో జీతమిచ్చుట యెందుకు? ఉద్యోగమైనచో రెండేండ్లకే ముగియుట యెందుకు? మీ రైనను నాకు తేల్చి చెప్పుడు."

ఈ ప్రశ్నను విని మేము నవ్వలేదు. ఇంటి ఖర్చు, పసిబిడ్డ సంరక్షణ, కుమారుని బదిలీలు, తన మోకాళ్ల నొప్పులు, ఇన్నిటిని లెక్క వేసికొనవలసిన గృహిణి యడిగిన ప్రశ్న యది. దానికి సరియైన సమాధానము చెప్పుట చదివినవారి విధి.

అది కాలపరిమితి గల యుద్యోగము. ఆ యుద్యోగమున చేయు పని మాత్రము విద్యయే. గురువు చూపిన త్రోవలో ఒక పరిశోధనను తుదముట్టింపగల దని డాక్టరు పట్టము సాక్ష్యమిచ్చును. తానే ప్రశ్నను కల్పించుకొని, దానికి మార్గము వెదకుకొని, తనకంటె చిన్నవారిని నడపగలదా యను దానిని ఆ పట్టము చెప్పజాలదు. ఆ శక్తిని నిరూపించుకొనుటకై పరాయి విశ్వవిద్యాలయమున, క్రొత్త ఆచార్యుని ప్రయోగశాలలో, రెండు మూడేండ్లు వేతనముపై పనిచేయు ఏర్పాటే యిది. 1919వ సంవత్సరమున అమెరికాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారి ధనముతో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ వారు, భౌతిక రసాయనశాస్త్రములలో డాక్టరు పట్టము నొందిన యువజనులకు ఇట్టి భృతుల నేర్పఱచిరి. నాటినుండి యీ పద్ధతి దేశదేశములకు వ్యాపించినది. నేడు విజ్ఞానశాస్త్రములలో ఆచార్యపదవి కోరువారు తఱచుగా ఈ మెట్టు నెక్కియే పోవలసి యున్నది.

వదినగారు పురాణకాలక్షేపమున ప్రీతి గలవారు గనుక వారికి మేము శ్రీనాథుని యుదాహరణము చెప్పితిమి. ఆ మహాకవి చదువు ముగిసిన పిమ్మటనే గదా ఆశ్రయమును వెదకుకొనుట! కొండవీట పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారిగా నుండి, ఆ రాజ్య మస్తమించిన పిదప రాజమహేంద్రవరము చేరి, వీరభద్రారెడ్డికి కాశీఖండము నంకితమిచ్చెను. ఆశ్రయము వలన కావ్యము, కావ్యము వలన మఱియొక యాశ్రయము. మన పిల్ల వ్రాయు పరిశోధనపత్రమే ఆమె కావ్యము. ఇది విని వదినగారు, "అట్లయిన రాజులను వెదకుకొమ్మనుడు. ఆ రాజు పెట్టునది మాత్రము నాకు ముందుగా చెప్పవలెను" అనిరి.

రాజులను వెదకుట రెండు విధములు. ప్రకటనలను చూచుట మొదటిది. నేచర్, సైన్స్ అను శాస్త్రపత్రికల ఉద్యోగపుటలలోను, యూరోపియన్ యూనియన్ వారు నడపు యూరాక్సెస్ లోను, ఆయా విశ్వవిద్యాలయముల స్వంత పుటలలోను ఇట్టి ప్రకటనలు వచ్చుచుండును. ప్రకటన కొఱకు వేచియుండక ఆచార్యునకే నేరుగా ఉత్తరము వ్రాయుట రెండవది. ఈ రెండవ విధమును మన పిల్లలు సంకోచముచే మానుకొందురు. పరిచయము లేని పెద్దవారికి మనమై వ్రాయుట అమర్యాద యని మన పెంపకము. కాని ప్రయోగశాలకు నిధులు రాబోవుచున్న సంగతి ప్రకటన వెలువడుటకు ముందే ఆ ఆచార్యునకు తెలియును. అంతియ గాక పెక్కు ఫెలోషిప్పులకు దరఖాస్తు పెట్టవలె నన్నను "ఈమెను నా ప్రయోగశాలలో చేర్చుకొందును" అని ఒక యాచార్యుడు ముందుగా నొప్పుకొని యుండవలెను. కావున ఉత్తరము వ్రాయుట యాచన గాదు. ఆ విద్యాలోకమున నదియే రాజమార్గము.

మా మేనకోడలు మొదటి మూడు నెలలలో ఒకే యుత్తరమును, పేరు మాత్రము మార్చి, నలువది మందికి పంపినది. రెండు జవాబులు వచ్చినవి. రెండును మర్యాదతో గూడిన నిరాకరణములే. మా వారు బడిపంతులు గనుక ఆ యుత్తరమును చదివి, "తరగతిలోని పిల్ల లందఱికిని ఒకే మెప్పు వ్రాసి పంపిన పంతులును ఏ తండ్రియు నమ్మడమ్మా" అనిరి. ఆ మాట యామెకు నాటినది. పిదప వారమున కొక్కటి చొప్పున పదునొకండు ఉత్తరములు మాత్రము వ్రాసినది. అయిదింటికి సమాధానములు వచ్చినవి. ముగ్గురు ఆచార్యులు తెరపై ఆమెతో సంభాషించిరి. ఇద్దఱు స్థానము నిచ్చెద మనిరి.

ఆ పదునొకండు ఉత్తరములలో నేమున్న దని సోదరీమణు లడుగవచ్చును. ఒక్కొక్కటి అరపుటకు మించలేదు. ఆ ఆచార్యుని ఇటీవలి పరిశోధనపత్రములలో తాను చదివినదానిని గూర్చి ఒక నిజమైన మాట. తాను ఇంతవఱకు చేసిన పని రెండు వాక్యములలో. ఆ ప్రయోగశాలలో తాను పరిశీలింప దలచిన ప్రశ్న. ఏ నెలనుండి రాగలదో. ఇంతియే. దానితోపాటు విద్యావివరముల పత్రము, ప్రచురణల పట్టిక, తన్నెఱిగిన ముగ్గురు ఆచార్యుల పేర్లు జతపఱచినది. రెండు వారములు చూచి, జవాబు రానియెడల ఒక్కమాఱు మాత్రము మరల గుర్తుచేసినది. సిద్ధాంతగ్రంథము సమర్పించుటకు ఏడాది ముందునుండియే ఈ పని మొదలిడుట మేలని ఆమె యిప్పుడు తన వెనుకటి పిల్లలకు చెప్పుచున్నది.

తెరపై సంభాషణము ముగిసిన తరువాత ఆమె మఱియొక మంచిపని చేసినది. ఆ ప్రయోగశాలలో నంతకుముందు పనిచేసి వెడలినవారికి వ్రాసి, "అచ్చట నుండి మీ రెక్కడికి పోయితిరి? మీ పేర పత్రములు వెలువడినవా? సెలవడిగిన నిచ్చెడివారా?" అని విచారించినది. పిల్ల నిచ్చుటకు ముందు పెండ్లివారి యిరుగుపొరుగుల నడుగుట మన కలవాటే గదా! ఉద్యోగమున కేల యడుగరాదు? ఇదే సందర్భమున నొక హెచ్చరిక. ఉద్యోగము ఖాయమయిన దని చెప్పి, వీసా ఖర్చు లనియో ధరావతు అనియో ఎవరి ఖాతాలోనికో ధనము పంపుమను ఉత్తరములు వచ్చుచుండును. సంభాషణము జరుపకయే ఉద్యోగ మిచ్చి ధన మడుగువాడు మోసగాడే యని యెఱుగునది.

ఇక వేతనము మాట. అది రెండు త్రోవల వచ్చును. ఆచార్యుడు తన నిధినుండి యిచ్చుట యొకటి. అభ్యర్థిని పేరనే ఫెలోషిప్పు మంజూరగుట యొకటి. మన దేశమున నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ అను దానిని రెండేండ్ల కాలమున కిచ్చెదరు. ముందు సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రిసెర్చ్ బోర్డు వారు నడిపిన యీ పథకమును, 2023 నాటి చట్టముచే నేర్పడి 2024లో పని కారంభించిన అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ వారు స్వీకరించిరి. వయోపరిమితి 35 ఏండ్లు. స్త్రీలకు మఱి అయిదేండ్ల సడలింపు గలదు. స్త్రీలకే ప్రత్యేకముగా కేంద్రప్రభుత్వ విజ్ఞాన సాంకేతిక శాఖవారి వైజ్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ గలదు. దానికి 27 మొదలు 60 ఏండ్ల వయస్సువారు అర్హులు. బిడ్డల పెంపకముచే పరిశోధన మానుకొన్న సోదరీమణు లీ మాటను ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

విదేశములలో మేరీ క్యూరీ పేర యూరోపియన్ యూనియన్ వా రిచ్చునది యొకటి. ఏ దేశమునకు పోదలచిరో ఆ దేశమున కడచిన 36 నెలలలో 12 నెలలకు మించి నివసించి యుండరాదని దాని నియమము. ఊరు మార్చుటయే దాని యుద్దేశ్యము గనుక నట్లు విధించిరి. జర్మనీలో హుంబోల్ట్ ఫౌండేషన్ వారి ఫెలోషిప్పు 6 మొదలు 24 నెలల వఱకు నుండును. డాక్టరు పట్టము పిమ్మటి నాలుగేండ్లలోపలనే దానిని కోరవలెను. వెంట వచ్చు భర్తకు, బిడ్డలకు కొంత భృతి గూడ నిచ్చెదరు.

ఈ నియమములలోని యేండ్ల లెక్కను సోదరీమణులు గమనింతురు గాక. పట్టము పిమ్మట నాలుగేండ్లు, వయస్సు 35, ముందు రెండేండ్లు, మఱి రెండేండ్లు. ఇవి సరిగా ఇంటిలో పెద్దలు "ఇంకొక బిడ్డ యెప్పుడు?" అని యడుగు నేండ్లే. విద్యాశాలయు గృహమును ఆమెను పిలుచునది యొక్క గడియలోనే. పురుషుని ఇట్లు రెండు వైపుల నుండి లాగుట లేదు. బుద్ధిలో కొఱతవడి గాక పంచాంగములో చిక్కుకొని పరిశోధన విడిచిన స్త్రీలు ఎందఱో గలరని మా యభిప్రాయము. కావున ఈ యుద్యోగము వెదకుటలో సగము పని ఆమెదైనచో, సగము ఇంటివారిది.

ఇంటివారి పాలు ఎట్లుండునో తెలుపుటకు ముగ్గురి చరిత్రలను మేము తఱచు తలచుకొందుము.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను నగరము చేరిరి. 1930లో హార్వర్డున డాక్టరు పట్టము నొంది 1940 వఱకు అచ్చటనే పరిశోధన సల్పిరి. స్థిరమైన పదవి వారి కచ్చట లభింపలేదు. పిదప లెడర్లీ సంస్థలో వారి నాయకత్వమున వెలువడిన యౌషధములు లోకమున కుపకరించినవి. వారు 1948లో అమెరికాలోనే స్వర్గస్థులైరి. ఒక్కమాఱును తిరిగి రాలేదు. వారు వెడలిన పిదప పుట్టిన మగశిశువు తండ్రి ముఖము చూడకయే మరణించెను. భార్య శేషగిరిగారు ఇరువదియైదేండ్లు ఎదురుచూచిరి. ఆయన కీర్తిని మనము చెప్పుకొనుట ధర్మమే. ఆ యిల్లాలు చెల్లించిన వెలను గూడ ఆ లెక్కలో చేర్చుట ధర్మము.

రెండవవారు కలకత్తాకు చెందిన అసీమా ఛటర్జీగారు. 1944లో ఆ విశ్వవిద్యాలయమున డి.ఎస్‌సి. పట్టము నందిన విదుషి. 1947లో, ఏడాది నిండని కుమార్తెను, ఆ బిడ్డను చూచుకొనుట కొక యామెను వెంటబెట్టుకొని అమెరికా వెడలిరి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, ఆ పిదప స్విట్జర్లండులోని జూరిక్ నగరమున పాల్ కారర్ అను నోబెల్ బహుమాన గ్రహీత కడ పరిశోధన సల్పి 1950లో స్వదేశము చేరిరి. మన మొక్కలలోని యౌషధగుణములను గూర్చి ఆమె పిదప చేసిన కృషి ప్రసిద్ధము.

మూడవవారు హంగరీ దేశీయురాలు కాటలిన్ కారికో. 1985లో స్వదేశమున పరిశోధనకు నిధులు పోగా, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమున ఇట్టి స్థానమే సంపాదించి భర్తతో, రెండేండ్ల బిడ్డతో బయలుదేరెను. కారు నమ్మగా వచ్చిన 900 పౌనులను బిడ్డ యాడుకొను ఎలుగుబంటి బొమ్మలో కుట్టి తీసికొనిపోయిరి. పిదప పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1995లో ఆమెను పదవిలో క్రిందికి దించిరి. ఆమె పని మానలేదు. కోవిడ్ టీకాలకు మూలమైన యా పరిశోధనకే 2023లో డ్రూ వైస్మన్‌తో కలసి నోబెల్ బహుమాన మందుకొన్నది. ఆ బొమ్మను మోసిన బిడ్డ పెరిగి 2008, 2012 ఒలింపిక్ క్రీడలలో అమెరికా పక్షమున పడవపోటీలలో స్వర్ణపతకములు గెలిచినది. తల్లి ఊళ్లు తిరిగినచో బిడ్డ చెడునని చెప్పువారికి ఈ మాట చెప్పవచ్చును.

మా మేనకోడలికి దొరకిన రెండు స్థానములలో ఒకటి హైదరాబాదుననే. ఒక్క యేటి కాలము. పొడిగింపు నిధులను బట్టి. ఇల్లు కదలనక్కఱలేదు. రెండవది జర్మనీలోని యొక విశ్వవిద్యాలయమున. రెండేండ్లు, ఆ దేశపు ప్రభుత్వ వేతనక్రమము ననుసరించి జీతము. ఇంటిల్లిపాదికిని మొదటిదే రుచించినది. "అచ్చట నేను నా పాతపనినే మరల చేయుదును; ఇచ్చట నాకు రాని పద్ధతి నేర్చుకొందును" అని ఆమె రెండవదానిని కోరినది.

అంతట వదినగారు కోడలిని ఎదుట కూర్చుండబెట్టుకొని అయిదు ప్రశ్న లడిగిరి. పన్నులు పోను చేతికి వచ్చున దెంత, అద్దె యెంత? రెండేండ్లని కాగితముపై వ్రాసి యిచ్చిరా? పగలు బిడ్డ యెవరి చేతిలో నుండును? మా అబ్బాయి వచ్చినచో అచ్చట పనిచేయుటకు హక్కు గలదా? ఆ రెండేండ్ల పిమ్మట నేమి? ఆచార్యు లడిగిన ప్రశ్నలకంటె నివియే కఠినమని మేనకోడలు మాతో చెప్పినది. ఇట్టి స్థానము లభించిన ప్రతి పిల్లయు, ప్రతి పిల్లవాడును ఈ యయిదింటికి సమాధానము చెప్పగలిగి యుండవలెను.

మొదటి రెండింటికి ఒప్పందపత్రముననే సమాధానము దొరకినది. పరిశోధకురాలి భర్తకు జర్మనీలో ఉద్యోగము చేయ ననుమతి గలదు. ఏడాది దాటిన ప్రతి బిడ్డకును శిశుశాలలో చోటు పొందు హక్కును అచ్చటి చట్టము 2013 ఆగస్టు నుండి కల్పించినది గాని, చోటు దొరకుటకు నెలలు పట్టవచ్చును. అల్లునికి బ్యాంకువారు జీతము లేని సెలవు నిచ్చుటకును కొంత కాలము పట్టును. అయిదవ ప్రశ్నకు ఆమె "తెలియదు, అత్తయ్యగారూ. ఎవరును హామీ ఇయ్యరు" అని యున్నమాట చెప్పినది.

వదినగా రా రాత్రి యేమియు ననలేదు. మఱునాటి యుదయమున కాఫీ యిచ్చుచు, "ఆ దేశమునకు ముసలివారిని ఎన్నాళ్ల కనుమతింతురు?" అని యడిగిరి. చూచుటకు వచ్చువారికి తొంబది దినములని కోడలు చెప్పినది. "ఆ తొంబది దినములు బిడ్డ నా చేతిలో నుండును. తరువాత అబ్బాయి వచ్చును. కాళ్లనొప్పుల సంగతి నేను చూచుకొందును" అనిరి. విమానము పేరు చెప్పినంతనే భయపడు మనిషి, 62వ యేట, మొదటి పాస్‌పోర్టు కొఱకు వరుసలో నిలుచుండిరి.

వారు పోయి తిరిగి వచ్చిరి. అచ్చట వాసము సుఖముగా సాగిన దని మేము చెప్పము. బిడ్డకు రెండుమాఱులు జ్వరము తగిలినది. మొదటి మూడు నెలలలో మేనకోడలి ప్రయోగము లొక్కటియు ఫలింపలేదు. చీకటి త్వరగా పడు దినములలో ఆమె యింటికి వచ్చి మాటాడక కూర్చుండెడి దని వదినగారు చెప్పిరి. ఇప్పుడు భర్త చేరినాడు. బిడ్డ శిశుశాలకు పోవుచున్నది. ప్రయోగములలో నొకటి కుదిరినది.

రెండేండ్లు నిండిన పిమ్మట ఆమెకు స్థిరమైన యాచార్యపదవి దొరకవచ్చును, దొరకకపోవచ్చును. పట్టములు పొందువారు పెక్కండ్రు, పదవులు కొలది. ఈ మెట్టు నెక్కినవారిలో కొందఱు ఔషధపరిశ్రమలకు, కొందఱు కళాశాలలలో బోధనకు, కొందఱు ప్రభుత్వ కార్యాలయములకు పోవుచున్నారు. దానిని ఓటమి యని యెన్నరాదు. "ఇంత చదివి యేమి సాధించితివి?" అను ప్రశ్న మన యింటినుండి మాత్రము రాకుండ చూచుకొనవలెను.

సోదరీమణులారా, మీ యింటి కూతురో కోడలో ఇట్టి యుత్తరమును చేత బట్టుకొని మీ యెదుట నిలిచిన నాడు, ఆ కాగితమును చదివించుకొని వినుడు. వదినగా రడిగిన యయిదు ప్రశ్నలను అడుగుడు. ఆ ప్రశ్నలకు వచ్చు సమాధానములలో మీ పాలెంతయో లెక్కించుకొనుడు. కొడుకు దూరదేశమున నుద్యోగము తెచ్చుకొన్నప్పుడు పెట్టెలు సర్దుటకు మన మెవరి యనుమతియు నడుగము. కూతునకు, కోడలికి సైతము అట్లే పెట్టెలు సర్దు నిల్లు తెలుగునాట ప్రతి వీధియందును వెలయు గాక.